హితకారిణీ సమాజము: యువజన సేవ

రాజమహేంద్రవరములో హితకారిణి యను పేరు వినని గృహస్థు లరుదు. ఒకరికది తాము చదివిన పాఠశాల. మరియొకరికి తమ కుమార్తెలు చదివిన కళాశాల. ఆ సమాజమును స్థాపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలచుకొనగానే వితంతు వివాహములు మనకు స్ఫురించును. అది యుక్తమే. కాని యా మాట యొక సత్యమును కొంత మరుగుపరచుచున్నది. వితంతువనగానే మన మనస్సునకు దోచు రూపము వయసు మీరిన యొక స్త్రీది. పంతులుగారి కాలమున పునర్వివాహమునకు వచ్చినవారిలో ననేకులు బాలికలు. వారి కండగా నిలిచినవారిలో ననేకులు విద్యార్థులు. కావున హితకారిణి చరిత్రమును యువజన సేవా చరిత్రముగా జదువవలెనని మా యభిప్రాయము.

1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. కాలువలు పారినవి, మెట్టచేలు మాగాణులయినవి, పల్లెలలో ధాన్యము, పట్టణములలో పాఠశాలలు పెరిగినవి. అయినను పాలబుగ్గల పిల్లలకు పెండ్లిచేయు నాచారము మాత్రము కదలలేదు. భర్త మరణించినచో నా పిల్లకు తలవెండ్రుకలు, ఒంటిమీది నగలు, పండుగనాటి భోజనము కూడ నిషిద్ధములే. వితంతు వివాహమును సమ్మతించు చట్టము 1856లోనే వచ్చినది. పావు శతాబ్దము గడచినను మన ప్రాంతమున నా చట్టము కాగితము దాటి యింటి గడప తొక్కలేదు. చట్టము దారి చూపగలదు గాని తోడు నడువజాలదు గదా!

తోడు నడచుటకు మనుష్యులు కావలెను. 1848లో రాజమహేంద్రవరమున జన్మించిన పంతులుగారు వృత్తిచేత నుపాధ్యాయులు. 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. ఆ యేటనే వివేకవర్ధని పత్రికను వెలువరించిరి. పిమ్మట రాజమహేంద్రవర కళాశాలలో తెలుగు పండితులయి యువకులకు పాఠములు చెప్పిరి. 1879లో వితంతు వివాహము శాస్త్రసమ్మతమని బహిరంగోపన్యాసము లిచ్చినప్పుడు పండితులు ఖండనములు వ్రాసిరి, పెద్దలు పరిహసించిరి. చెవియొగ్గి వినినవారిలో ముఖ్యులు పాఠశాలా కళాశాలల పిల్లవాండ్రే.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి పంతులుగారి యింట తొలి వితంతు వివాహము జరిగినది. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. ఆమె యప్పటికి చిన్నపిల్ల. ఊరంతయు కల్లోలమైనది. పౌరోహిత్యమునకు, వంటకు, నీళ్లు మోయుటకు మనుష్యులు దొరకుట దుర్లభమయ్యెను. అప్పుడు పంతులుగారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు కొంగు బిగించి తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి, వంటచేసి, వచ్చినవారికి వడ్డించిరి. అల్లరి మూకలు లోపలికి జొరబడకుండ విద్యార్థులు కాపుండిరి. ధనసాహాయ్యము చేసినవారిలో ముఖ్యులు కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు. ధన మొకరిది, వంట యొకరిది, కావలి యొకరిది. ఈ మూటిలో నేది లోపించినను నాటి రాత్రి యా పెండ్లి జరిగియుండెడిది కాదు. నాలుగు దినములలోనే రెండవ వివాహమును జరిగినది.

పెండ్లితో కథ ముగిసినచో హితకారిణీ సమాజముతో బనియుండెడిది కాదు. అసలు కష్టము తెల్లవారినతరువాత మొదలైనది. పెండ్లియాడిన దంపతులకు బంధువుల యిండ్లు మూతపడెను, అద్దెయిండ్లు దొరకవాయెను, శుభాశుభములకు బురోహితుడు రాడాయెను. పీఠాధిపతులనుండి బహిష్కారపు శ్రీముఖములు వచ్చెను. వరులందరును ఆదర్శముచేతనే ముందుకు వచ్చినవారు కారనియు, ధనాశతో వచ్చినవారును గలరనియు, సాయముపొంది తరువాత దూషించినవారును గలరనియు పంతులుగారే తమ స్వీయచరిత్రమున దాచక వ్రాసికొనిరి. జీవితకాలమంతయు శ్రమించి వారు జరిపించిన వివాహములు సుమారు 40 అని చెప్పుదురు. ఆనాటి బాలవితంతువుల సంఖ్య ముందిది సముద్రములో కాకిరెట్ట.

ఈ యనుభవము నేర్పిన పాఠమే హితకారిణికి బీజము. ఆపదలోనున్న పిల్లకు బెండ్లి యొక్కటే మార్గమనుకొనుట చాలదు. తలదాచుకొన నిల్లు కావలెను, అక్షరము కావలెను, తన కాళ్లపై నిలువగల వృత్తి కావలెను. పెండ్లి యిష్టమైన చేసికొనునుగాక, లేకున్న మానునుగాక, ఆమె బ్రతుకు మాత్రము పరుల దయపై నుండరాదు. అందుచేతనే వితంతు శరణాలయమును, పాఠశాలలును పంతులుగారి ప్రయత్నములలో జేరినవి. 20వ శతాబ్దము తొలి దశకమున హితకారిణీ సమాజమును స్థాపించి, సంతానములేని యా దంపతులు తమ యాస్తిని దానికి ధారపోసిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను, పంతులుగారు 1919లోను గతించిరి. ఒక యింటి వంటగదిలో మొదలైన సేవ యీవిధముగా నొక సంఘపు బాధ్యతయైనది. మనుష్యుడు పోవును, సంఘము నిలుచును. ఈ వివేకము మన దాతలలో నరుదు. ఆస్తి నిచ్చువారు గలరు గాని, తమ యనంతరము తమ పని యెవరు చేయవలెనో యాలోచించి యిచ్చువారు కొలదిమంది.

ఆ గాలి సోకిన పట్టణములో యువకులు సేవ నందుకొనుటతో దృప్తిపడలేదు. 1898లో గ్రంథాలయమును నెలకొల్పిన నాళము కృష్ణారావుగారికి అప్పటికి 20 ఏండ్లయినను నిండలేదు. నేటి గౌతమీ గ్రంథాలయమునకు మూలము లలో నది యొకటి. పంతులుగారి మార్గమున నడచిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు, చూపు మందగించిన తరువాత సయితము, 1909లో దళిత బాలురకొరకు రామమోహన పాఠశాలను స్థాపించి యేండ్లతరబడి నడిపిరి. తొలి వితంతు వివాహోద్యమము ప్రధానముగా నగ్రవర్ణ గృహములకు సంబంధించినది. సంస్కారము పేట దాటి వాడకు బోవలెనని చిలకమర్తివారు గుర్తించుట యా లోపమునకు సమాధానము. గురువు నిలిచిన చోట శిష్యతరము నిలిచిపోకుండుటయే గురుదక్షిణ.

పంతులుగారి పేరను, రాజ్యలక్ష్మమ్మగారి పేరను విద్యాసంస్థలు వెలసినవి. వారి పేరిటి పాఠశాలలో బాలురు, ఆమె పేరిటి కళాశాలలో యువతులు తరములుగా జదివిరి. కాలక్రమమున సమాజము ప్రభుత్వ దేవాదాయ శాఖ పర్యవేక్షణమునకు వచ్చినది. విగ్రహారాధనమును ఖండించిన సంస్కర్త యాస్తిని దేవాలయములను జూచు శాఖయే చూచుట విధి వైపరీత్యమని కొందరు నవ్వవచ్చును. మాకు నవ్వు రాలేదు. ఆస్తిని శాఖ కాపాడగలదు. ఆశయమును శాఖ కాపాడజాలదు. అది యూరివారి పని.

ఆ పని తీరినదా? బాల్యవివాహములను నిషేధించుచు 1929లో నొక చట్టము, 2006లో నంతకంటె గట్టిదియైన మరియొక చట్టము వచ్చినవి. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లి జరిగినట్లు తేలినది. 1856నాటి చట్టమువలెనే యీ చట్టములును మన గడప వెలుపల నిలిచి తలుపు తట్టుచున్నవి.

యువజనులకు సేవచేయు సంఘములు నేడును గలవు. పుస్తకములు పంచుట, బహుమతు లిచ్చుట, సభలు జరుపుట మంచివే. కాని హితకారిణి చరిత్రము వానిని రెండు ప్రశ్న లడుగుచున్నది. మీ సాయము పొందిన పిల్ల రేపు మీ సాయము లేకయే నిలువగలదా? మీ సంఘములోని యువకులు వరుసలో గూర్చుండి సాయ మందుకొనువారు మాత్రమేనా, తలుపువద్ద గావలి నిలుచువారు కూడనా? మొదటి ప్రశ్నకు సమాధానము పాఠశాల. రెండవదానికి సమాధానము 1881 డిసెంబరునాటి యా రాత్రి.

ఇది చదువు గృహస్థులకు మా మనవి యొక్కటే. మీ వీధిలో బడి మాని పెండ్లిపీటల కెక్కనున్న పిల్ల యుండిన నామె యింటికి మీరే పొండు; మీ కుమారుని, కుమార్తెను వెంట దీసికొని పొండు. ఆ తల్లిదండ్రులు మొదట కోపపడవచ్చును. పంతులుగారి మీదను కోపపడిరి. ఆ పిల్ల మరల బడికి బోయిననాడు మీ యిల్లును హితకారిణియే.