పుట్టగొడుగులలో చక్కెరలను పట్టే మాంసకృత్తులు

ఆముదపు గింజను మీరెరుగుదురు. పుట్టగొడుగుల లెక్టిన్ల చరిత్రకు కూడా మొదలు ఆ గింజే. 1888లో నేటి ఎస్టోనియాలోని డోర్పాట్ విశ్వవిద్యాలయములో పీటర్ హెర్మన్ స్టిల్మార్క్ ఆముదపు గింజల సారమును రక్తములో కలిపి, ఎఱ్ఱకణములు ఒకదానికొకటి అంటుకొని గుమికూడుటను గమనించాడు. ఆయన గురువు రుడాల్ఫ్ కోబర్ట్ 1891లో అమనిటా ఫాలాయిడీస్ అనే పుట్టగొడుగులో ఎఱ్ఱకణములను ఛేదించే పదార్థమును కనుగొని, ‘ఫాలిన్’ అని పేరు పెట్టి, ప్రాణము తీసే విషము అదేనని తలచాడు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫాలిన్ వేడికి నశిస్తుంది. కాని ఆ పుట్టగొడుగులను వండుకొని తిన్నవారు కూడా మరణిస్తూనే ఉన్నారు. గత శతాబ్దపు తొలి దశకములో అమెరికాలో విలియమ్ ఫోర్డ్ ఈ రెంటినీ వేరుపఱచి, వేడికి చెడని విషము మఱొకటి ఉన్నదని చూపాడు. వాటిని నేడు అమాటాక్సిన్లు అంటాము. అవి కాలేయకణములను ధ్వంసము చేస్తాయి. అడవి పుట్టగొడుగులను బాగా ఉడికిస్తే దోషము పోతుందని నమ్మేవారు ఇప్పటికీ నాకు తారసపడుతుంటారు. దయచేసి మీరు నమ్మకండి.

ఎఱ్ఱకణముల గుమికూడికకు కారణము 1936లో జేమ్స్ సమ్నర్, హొవెల్ పరిశోధనలలో తేలింది. చిక్కుడు తెగకు చెందిన ఒక గింజలోని మాంసకృత్తు కణములను గుమికూర్చేది. చక్కెర కలిపితే ఆ పని ఆగిపోయేది. అనగా అది కణముల పైపొర మీది చక్కెరలను పట్టుకొంటున్నది. 1954లో విలియమ్ బాయ్డ్ వీటికి ‘ఎంచుకొను’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి లెక్టిన్లని పేరు పెట్టాడు.

మీరు బజారులో కొనే తెల్ల బటన్ పుట్టగొడుగు లెక్టిన్‌ను 1972లో ప్రెసెంట్, కార్న్‌ఫెల్డ్ శుద్ధిచేసి లక్షణములను వివరించారు. ఇట్టి పనికి సాధారణముగా పుట్టగొడుగులను ఉప్పునీటిలో నూరి, వడకట్టి, అమ్మోనియం సల్ఫేటుతో మాంసకృత్తులను అడుగుకు దింపుతారు. పిదప తగిన చక్కెరను అతికించిన పూసల గొట్టము గుండా పంపితే లెక్టిన్ పూసలను పట్టుకొని ఆగుతుంది, మిగిలినవి జారిపోతాయి. దానిని విడిపించి, రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ ఎంతవరకు ఎఱ్ఱకణములను గుమికూర్చగలదో, ఏ చక్కెర దానిని అడ్డగలదో పరీక్షిస్తారు. ఇప్పుడు జన్యువును ఈస్టులోనో, బాక్టీరియాలోనో పెట్టి కూడా లెక్టిన్‌ను పండిస్తున్నారు.

బటన్ పుట్టగొడుగు లెక్టిన్ పట్టే జంట చక్కెర ఆరోగ్యకణములపై సాధారణముగా ఇతర చక్కెరల చాటున ఉంటుంది. పలు కర్కటకణములపై బయటపడుతుంది. మన వేరుశనగకు కాండము కుళ్ళు తెగులు తెచ్చే స్క్లీరోషియం రోల్ఫ్‌సై శిలీంధ్రపు లెక్టిన్ కూడా దానినే పడుతుంది. దానిపై ధార్వాడలో విశేషకృషి జరిగింది. అంతమాత్రాన పుట్టగొడుగుల పొడి కర్కటరోగమునకు మందు కాదు. 1993లో లివర్‌పూల్ పరిశోధకులు బటన్ పుట్టగొడుగు లెక్టిన్‌తో పెద్దప్రేగు కర్కటకణముల పెరుగుదలను ఆపగలిగారు. అయితే అది ప్రయోగశాలలో పెంచిన కణములలో. లెక్టిన్‌ను తొలగించగానే ఆ కణములు మరల పెరగసాగాయి.