ధూళిలోని వనము: ఆర్కిడ్ విత్తనపు చరిత్ర

మిక్కిలి చిన్న వస్తువును చెప్పవలసి వచ్చినపుడు ఆవగింజతోడనో, గసగసాలతోడనో పోల్చుట తెలుగువారి పరిపాటి. కాని ఆర్కిడ్ విత్తనము ప్రక్కన గసగసాల గింజయే పెద్ద బండవలె కనిపించును. పండిన ఆర్కిడ్ కాయ పగిలినపుడు వెలువడునది చూచువారికి విత్తనములుగా తోచదు; లేత పసుపువన్నె ధూళిగా తోచును. పిల్లగాలి తగిలినను అది పొగవలె లేచిపోవును. కొన్ని జాతులలో ఒక్క కాయయందే పది లక్షలకు పైగా విత్తనములుండును. ఇంత సమృద్ధిగా విత్తనమునిచ్చు మొక్కను విత్తనమునుండి నమ్మకముగా పెంచుట నేర్చుటకు మానవునకు పందొమ్మిదవ శతాబ్ది యంతయు చాలలేదు. ఆ విద్య తెలియని దినములలో అడవులు నష్టపడినవి. తెలిసిన పిమ్మట అదే మొక్క సామాన్య గృహస్థుని వరండాలోనికి వచ్చినది.

ఆర్కిడ్ అను పేరు విదేశీయమైనను ఆ మొక్క ఈ దేశమునకు క్రొత్తది కాదు. ముదురు మామిడికొమ్మలను పట్టుకొని, లావైన తెల్లని వేళ్లను గాలిలోనికి వ్రేలాడదీసి బ్రదుకు వాండా మొక్కను ఆంధ్రదేశపు పల్లెవారు చూచియే యుందురు. చెట్టుపై పెరుగు మొక్కకు సంస్కృతమున గల వందా శబ్దమునుండియే ఈ పేరు శాస్త్రములోనికి వచ్చినది. దానిని పాశ్చాత్యులకు పరిచయము చేసినవాడు సర్ విలియం జోన్స్. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోటను నడపిన విలియం రాక్స్‌బర్గు, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన మహాగ్రంథపు తొలి సంపుటమున, 1795లో, ఒక వాండా జాతిని చిత్రముతో సహా వర్ణించెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని వాండా టెస్సలేటా అందురు. చెట్టుపై నుండుటచే దీనిని బదనికగా తలచుట కలదు గాని, ఇది ఆశ్రయమిచ్చిన చెట్టు రసమును పీల్చదు. బెరడుపై నిలుచు తేమయు, గాలియు, వానయు దీనికి ఆధారములు.

పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఇంగ్లండున ఆర్కిడ్ల వ్యామోహము ప్రబలెను. బ్రెజిల్ దేశపు మొక్క నొకదానిని విలియం కాట్లీ అను వర్తకుడు తన గాజుటింట పూయింపగా, జాన్ లిండ్లీ అను శాస్త్రజ్ఞుడు 1821లో ఆ జాతికి కాట్లియా అని ఆయన పేరే పెట్టెను. అటుపిమ్మట ధనవంతుల గాజుటిండ్లను నింపుటకై వర్తకులు దేశదేశములకు సేకర్తలను పంపిరి. విత్తనమునుండి పెంచు విద్య లేనందున, అమ్మకమునకు వచ్చిన మొక్కలన్నియు అడవినుండి పెరికి తెచ్చినవే.

ఈ వ్యాపార మెట్లు సాగినదో తెలియుటకు ఖాసీ కొండల కథ చాలును. అచట 1837లో విలియం గ్రిఫిత్ నీలి వాండాను కనుగొనెను. 1850లో జోసఫ్ హుకర్ క్యూ ఉద్యానమునకై ఏడుగురు కూలీలు మోయునంత మొక్కలను సేకరించెను. వానిలో ప్రాణముతో ఇంగ్లండు చేరినవి కొలదియే. ఆ తావును చూచివచ్చుటకు తన తోటమాలిని హుకరుతో పంపిన వేరొక పెద్దమనిషి ఒక్క మనిషి మోత మాత్రమే పంపెను. అవి మిక్కిలి చెడిన స్థితిలో చేరియు 300 పౌనులకు అమ్ముడుపోయెను. అన్నియు బ్రదికియుండినచో 1,000 పౌనులు వచ్చియుండెడివని హుకరే లెక్కకట్టెను. దక్షిణ అమెరికాలోని స్థితి ఇంతకన్న దారుణము. కొలంబియా అడవులలో సుమారు రెండు నెలల పనిలో 10,000 మొక్కలు చేకూరినవనియు, వానికొఱకు ఇంచుమించు 4,000 చెట్లు నఱకబడినవనియు ఆల్బర్ట్ మిల్లికన్ 1891లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున సంకోచము లేకయే వ్రాసికొనెను.

విత్తనములు చల్లి చూచినవారు ఆనాడు లేకపోలేదు. డబ్లిన్ సమీపమున గ్లాస్నెవిన్ ఉద్యానమును నిర్వహించిన డేవిడ్ మూర్, ఆర్కిడ్ విత్తనములు మొలకెత్తినవని 1849లో ప్రకటించెను. ఎక్సెటరు నగరమున వీచ్ వారి తోటలో పనిచేయు జాన్ డొమినీ, జాన్ హారిస్ అను శస్త్రవైద్యుని సలహాపై రెండు కలాంథే జాతులను సంకరము చేసి, 1856లో మానవుడు కల్పించిన తొలి సంకర ఆర్కిడ్ పూవును లోకమునకు చూపెను. అయినను విజయము దైవాధీనముగనే యుండెను. వేలకొలది విత్తనములు చల్లిన నాలుగైదు మొలచుట, ఒక్కొకప్పుడు ఒక్కటియు మొలవకుండుట సామాన్యము. తల్లిమొక్క మొదట కుండీలోనే చల్లిన విత్తనములు కొంత మేలుగా మొలచునని తోటమాలులు అనుభవమువలన గ్రహించిరి. కారణము మాత్రము ఎవరికిని తెలియలేదు.

ఈ సమస్యకు వేరొక ముఖమును చార్లెస్ డార్విన్ చూచెను. 1862లో తొలిసారి అచ్చయిన తన ఆర్కిడ్ల గ్రంథమున, ఇంగ్లండులోని ఒక సాధారణ జాతి కాయలో సుమారు 6,200 విత్తనములున్నవని లెక్కించి, 30 కాయలు గల మొక్కకు 1,86,300 విత్తనములగునని చూపెను. అన్నియు మొలచి వృద్ధిపొందినచో ఆ మొక్క మునిమనుమలు భూగోళపు నేలనంతటిని ఇంచుమించు కప్పివేయుననెను. మఱి ఆ మొక్కలు అరుదుగా నుండుటకు కారణమేమి? సమాధానము విత్తనము నిర్మాణముననే కలదు. వడ్లగింజలో మొలకకు కావలసిన ఆహారము తల్లి కట్టియిచ్చిన చద్దిమూటవలె నిండియుండును. ఆర్కిడ్ విత్తనమున అట్టి నిలువ లేదు. పలుచని పొరలో కొలది కణముల అంకురము మాత్రమే యుండును. గాలిలో దూరమెగురుటకు తేలికదనము కావలెను. ఆ తేలికదనమునకై ఆహారమును విడిచిపెట్టినది. కావున నేలను తాకిన పిదప దానిని పోషించువా రెవరో యుండవలెను.

ఆ పోషకుని కనిపెట్టిన ఘనత నొయెల్ బెర్నార్డ్ అను ఫ్రెంచి యువకునిది. 1899 మే నెలలో, సైనికసేవలో నుండగా, ఫాంటెన్‌బ్లో అడవిలో రాలిన ఆకుల క్రింద కప్పబడిన ఒక ఆర్కిడ్ కాయల గుత్తి ఆయనకు దొరకెను. అందలి విత్తనములు మొలకెత్తుచుండెను. సూక్ష్మదర్శినితో పరీక్షింపగా మొలకలన్నిటిలోను శిలీంధ్రపు తంతువులు కనబడెను. విత్తనమునకు ఆహారమందించునది ఆ శిలీంధ్రమే యని ఆయన గ్రహించెను. తరువాత వేళ్లనుండి శిలీంధ్రమును వేరుచేసి, గాజునాళములలో విత్తనములతో కలిపి పెంచి, తన సిద్ధాంతమును ప్రయోగపూర్వకముగా నిలబెట్టెను. తల్లిమొక్క పాదమున విత్తనము మొలచుటలోని రహస్యము ఆనాటితో వీడెను: తల్లి వేళ్లలోని శిలీంధ్రమే బిడ్డకు దాదియైనది. బెర్నార్డ్ 1911లో, 36 ఏండ్ల ప్రాయమున, క్షయవ్యాధికి బలియయ్యెను. జర్మనీలో హాన్స్ బుర్గెఫ్ ఆ కృషిని కొనసాగించెను.

బెర్నార్డ్ చూపిన త్రోవ నిజమైనదే గాని, తగిన శిలీంధ్రమును వేరుచేసి పోషించుట సామాన్యులకు సాధ్యము కాదు. ఆ కష్టమును తొలగించినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున పనిచేసిన లూయిస్ నడ్సన్. శిలీంధ్రము పిండిపదార్థమును చక్కెరగా మార్చి విత్తనమున కందించుచుండినచో, ఆ చక్కెరను మనమే యేల ఇయ్యరాదని ఆయన ప్రశ్న. లవణములు, చక్కెర, సముద్రపు నాచునుండి తీయు అగర్ కలిపి కాచి, సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేసిన సీసాలలో విత్తనములు చల్లెను. శిలీంధ్రము లేకయే విత్తనములు మొలచినవి. 1922లో ఈ ఫలితమును ప్రకటింపగా, ఇట్టి మొక్కలు బలహీనములై పోవునని సందేహించినవారు కలరు. 1930లో అట్లు పెంచిన మొక్క పూచిన వార్తను ఆయన ప్రకటించెను, వాదము ముగిసెను. 1946లో ఆయన సవరించి యిచ్చిన మిశ్రమము నడ్సన్ సి అను పేర నేటికిని వాడుకలో నున్నది. సింగపూరు ఉద్యానమున హోల్టమ్ ఈ సీసా పద్ధతినే చేపట్టెను. అచటి తొలి సంకర ఆర్కిడ్ 1931లో పూచినది. ఆసియాలోని పూల వాణిజ్యమునకు అది యొక మేలుమలుపు.

ఈ పద్ధతిలోని విశేషము, దానికి గొప్ప ప్రయోగశాల అవసరము లేకపోవుట. నడ్సన్ సి మిశ్రమమున లీటరు నీటికి 20 గ్రాముల చక్కెరయు, కొలదిగా కాల్షియం నైట్రేటు మొదలగు లవణములును చేరును. వంటింటి ప్రెషర్ కుక్కరులో ఆవిరిపట్టిన సీసాలు చాలును. కాయ పగులకముందే కోసినచో లోపలి విత్తనము సహజముగనే పరిశుద్ధమై యుండును. తొక్కను మాత్రము శుద్ధిచేసి కోయవలెను. కాయ పగిలినచో విత్తనమునే బ్లీచింగ్ పౌడరు తేట నీటిలో కొన్ని నిమిషములు కడుగవలెను. ఇందలి శత్రువు బూజు. చక్కెర విత్తనమున కెంత ఇష్టమో బూజునకు అంతకన్న ఇష్టము. ఒక్క బీజము లోపల పడినను రెండు మూడు దినములలో సీసా యంతయు దాని వశమగును. కావుననే మూసిన పెట్టెలో చేతులు మాత్రము దూర్చి, స్పిరిటుతో తుడిచిన పనిముట్లతో విత్తనము చల్లుట ఆచారమైనది. కొన్ని వారములలో ధూళి పచ్చబడి చిన్న పూసలవంటి ఉండలగును. వీనినే ప్రోటోకార్మ్‌లందురు. వానిపై ఆకుమొన, పిదప వేరు పుట్టును. కిక్కిరిసిన మొలకలను క్రొత్త సీసాకు మార్చుచు ఇంచుమించు ఏడాదిపాటు కాపాడవలెను.

అసలు పరీక్ష సీసానుండి బయటికి వచ్చునాడే మొదలగును. సీసాలోని మొలక ఎండ వాడి, గాలి పొడి యెఱుగనిది. దాని ఆకుపై రక్షణపొర పలుచనిది. తొందరపడినవారు సంవత్సరపు శ్రమను వారములో పోగొట్టుకొందురు. కావున మొలకలను గోరువెచ్చని నీటిలో మెల్లగా విడదీసి, వేళ్లకంటిన జిగురును పూర్తిగా కడుగవలెను. మిగిలిన చక్కెర కుళ్లును పిలుచును. పరిమాణమునుబట్టి ఏర్చి, ఒక్కొక్కటిగా గాక పది పదిహేనింటిని ఒకే వెడల్పు కుండీలో నాటుట మేలు. గుంపులో తేమ నిలుచును. చిన్న మొక్క పెద్ద కుండీలో ఒంటరిగా నానిపోవు ప్రమాదము తప్పును. కుండీలో నింపుటకు పశ్చిమ దేశములవారు పూర్వము ఫెరన్ వేళ్ల పీచును, తరువాత చెట్టు బెరడును వాడిరి. ఈ దేశమున కట్టెబొగ్గు, ఇటుకముక్కలు, నానబెట్టి కడిగిన కొబ్బరిడొక్క ముక్కలు ఆ పనికి చక్కగా పనికివచ్చును. మట్టి మాత్రము పనికిరాదు. గాలి యాడనిచో వేరు కుళ్లును. తొలి వారములలో కుండీపై గాజుమూత బోర్లించి, దినదినము కొంచెముగా ఎత్తుచు మొలకను గాలికి అలవాటు చేయవలెను. వడగట్టిన వెలుతురు, ఉదయపు నీరు, మిక్కిలి పలుచని ఎరువు చాలును. ఆరు నెలలు మొదలు ఏడాదిలోపల వేళ్లు ఒండొంటితో పెనవేసికొనగా, వేఱువేఱు చిన్న కుండీలకు మార్చవలెను. డెండ్రోబియం జాతులు కొన్ని మూడు నాలుగేండ్లకే పూయును. వాండాకు అంతకన్న ఎక్కువ కాలము పట్టును. బదిలీలపై నూరూర తిరుగు ఉద్యోగి ఒక ఊరిలో చల్లిన విత్తనపు పూవును మఱియొక ఊరిలో చూడవలసి రావచ్చును.

ఇంత ఓపిక యెందులకని అడుగవచ్చును. ఖాసీ కొండలను తలచినచో సమాధానము దొరకును. ఏడు మోతల నీలి వాండా పెరికినపుడు, దానిని మరల పుట్టించు విద్య ప్రపంచమున ఎవరికిని తెలియదు. నేడు తెలియును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణ వలన నీలి వాండా, ఎఱ్ఱ వాండా మొదలగు మొక్కలను అనుమతి లేక అడవినుండి తీయుట నేరమైనది. 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఆర్కిడ్ల వాణిజ్యమును కట్టడిచేయుచునే, అత్యధిక జాతుల విషయమున శుద్ధమైన సీసాలలోని మొలకలకు మినహాయింపు నిచ్చినది. సీసాలో పుట్టినదానివలన అడవికి నష్టము లేదని లోకము అంగీకరించుటయే దీని యర్థము.

చట్టము చేతిని ఆపగలదు గాని కోరికను ఆపలేదు. అందమైన పూవును ఇంట చూడవలెనను కోరిక తప్పు కాదు. దానిని తీర్చుకొను మార్గము ఒకనాడు నాలుగు వేల చెట్లను పడగొట్టినది. అదే కోరికను నేడు ఒక సీసా, చిటికెడు ధూళి, కొన్ని సంవత్సరముల ఓపిక తీర్చగలవు. వరండాలో పూచిన అట్టి మొక్క ఏ అడవికిని ఋణపడి యుండదు.