పుట్టిలో గురువారం

పొద్దున ఆరు దాటింది. మక్తల్ బస్టాండులో పక్కపక్కనే రెండు రకాల సంచులు. ఒకదాంట్లో కొబ్బరికాయ, అగరుబత్తులు, ఓ జత బట్టలు. అది కురుగడ్డకు పోయేవాళ్లది. ఇంకోదాంట్లో బియ్యం, గిన్నెలు, చుట్టి కట్టిన బొంత. అది మేస్త్రీ వెంట పుణె, ముంబై దిక్కు పోయేవాళ్లది. పాలమూరులో ఇల్లు విడవడమంటే ముందు గుర్తొచ్చేది ఈ రెండో సంచే.

ఆటో పంచదేవ్ పహాడ్ దగ్గర కృష్ణ ఒడ్డున దింపింది. నీళ్ల నడుమ గుబురుగా చెట్లు. అదే కురుగడ్డ, గురుచరిత్రలోని కురువపురం. అక్కడ కాలు పెడితే కర్ణాటక, రాయచూరు జిల్లా.

బోర్లించిన పుట్టిని ఇద్దరు తిరగేసి నీళ్లలోకి నెట్టారు. వెదురు బద్దల అల్లిక, అడుగున తారు పూత. చెయ్యి వేస్తే వేళ్లకు నల్లగా అంటింది.

"అంచు మీద కూసోవద్దు సారూ, నడుమకు జరుగు. అవ్వా, నువ్వు అటు పో. బరువు ఒక్క దిక్కు పడితే తిరుగుతది."

తిరగనే తిరిగింది. ఒడ్డు, ఆటో, నల్ల బండలు కళ్ల ముందు ఒక చుట్టు చుట్టి పోయాయి. తెడ్డు నాలుగుసార్లు పడ్డాక గానీ దారికి రాలేదు. ఈ కురుగడ్డ మీద ఉండిన దత్తావతారం శ్రీపాద శ్రీవల్లభులకు పుట్టితో పని ఉండేది కాదట, ఈ నీళ్ల మీదే నడిచి ఇవతలికి వచ్చేవారట. భక్తుల మాట. మన మోకాళ్లు మాత్రం గడ్డానికి ఆనుతున్నాయి.

పక్కనున్న ఆయన అవ్వకు శ్రీపాదుల కథ చెబుతున్నాడు. పిఠాపురంలో సుమతమ్మ. ఇంట్లో తద్దినం, బ్రాహ్మణులు ఇంకా భోజనానికి కూర్చోలేదు. వాకిట్లో భిక్షకుడు నిలబడితే ఆగమనకుండా పెట్టింది. వచ్చినవాడు దత్తుడు. "అమ్మా" అన్నాడు. ఆ పిలుపే నిజం చెయ్యమని అడిగింది. అప్పటికే ఆమెకు మిగిలిన కొడుకులు ఇద్దరు, ఒకరు గుడ్డి, ఒకరు కుంటి. మూడోవాడుగా ఆయనే పుట్టాడు. పదహారేళ్లు రాగానే పెళ్లి మాట ఎత్తారు. వైరాగ్యమే నా భార్య, వేరే పెళ్లి లేదు, వెళ్తానన్నాడు.

తెడ్డు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తల్లి ఏమన్నదంట?" అవ్వ అడిగింది.

మూర్ఛపోయిందట. ఆమె తేరుకున్నాక కొడుకు తన అన్నలను ఒక్క చూపు చూశాడు. ఒకరికి కళ్లు వచ్చాయి, ఒకరికి కాళ్లు వచ్చాయి. అమ్మానాన్నల్ని మీరు చూసుకోండని వాళ్లకు అప్పజెప్పి కదిలాడు. కాశీ, బదరి, గోకర్ణం, శ్రీశైలం తిరిగి చివరికి ఈ గడ్డ మీద ఆగాడు. 1320లో పుట్టి 1350లో, ఆశ్వయుజ బహుళ ద్వాదశినాడు, ఈ నదిలోనే కనుమరుగయ్యాడని సంప్రదాయం చెబుతుంది. ముప్ఫై ఏళ్లు.

నాకు ఈ కథలో అద్భుతం కన్నా ఆ అప్పగింతే పెద్దదిగా కనిపిస్తుంది. దేవుడు పిలిచాడని గడప దాటినవాడు కూడా ముసలివాళ్లకు కూడు ఎవరు పెడతారో తేల్చుకునే దాటాడు. అయినా ఆ "అమ్మా" అన్న పిలుపు ఇంట్లో వినబడింది పదహారేళ్లే.

పుట్టి అడుగు రాతికి గీసుకుంది. దిగాం. గుళ్లో మరాఠీ, కన్నడం, తెలుగు కలిసిపోయి దత్తనామం. చాతుర్మాస్యం ఇక్కడ గడిపిన టెంబే స్వామి గుహ ముందు వరుస. అవ్వ అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. పాదుకలకు మొక్కి, కొబ్బరి చిప్ప తీసుకుని, చెట్టు నీడన కూర్చుని కొంగున ముడేసింది.

తిరుగు పుట్టిలో ఆ ముడిని రెండుసార్లు తడిమి చూసుకుంది.

"మా పిలగాడు పుణెల సెంట్రింగు పని చేస్తడు సారూ. పీర్ల పండుగకు వస్తనన్నడు. అప్పటిదాంక ఆగుతదా ఇది?"

తెడ్డు ఆపకుండానే పుట్టి అతను అన్నాడు: "ఎండబెట్టుకో అవ్వా."