రహీం మాస్టారు

మా నల్లగండ్లలో ఖాళీ ప్లాటు కనిపిస్తే చాలు, సాయంత్రానికి పిల్లలు బంతితో దిగిపోతారు. వీపుల మీద మెస్సీ పేరు, రొనాల్డో పేరు. "సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో తెలుసుట్రా?" అని పక్కింటి అబ్బాయిని అడిగితే, "ఆ సినిమా ఆయనేగా ఆంటీ!" అన్నాడు. 2024లో వచ్చిన 'మైదాన్' పుణ్యమా అని ఆ మాత్రమైనా తెలిసింది. సంతోషమే. కానీ తెర మీద కనిపించింది బొంబాయి హీరో. అసలు రహీం సాబ్ అచ్చంగా మన హైదరాబాదు బడిపంతులు!

1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుతున్నప్పుడే మంచి ఆటగాడని పేరు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పనిచేశారు. 1943 నుంచి సిటీ పోలీసు జట్టుకి గురువు. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి వరసగా అయిదేళ్ళు పట్టుకొచ్చింది.

ఆయన పద్ధతే వేరు. కుర్రాళ్ళకి వాటంలేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. కుడిచేత్తో ముగ్గులేసేవాళ్ళని ఎడమచేత్తో వేయమన్నట్టు! అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం రోజూ అంత దూరం రాలేనంటే, అద్దె సైకిలుకి డబ్బులిచ్చి రప్పించుకున్నారట. మరి సొంత కొడుకు హకీం? 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నా ఒక్క ఆటలోనూ దింపలేదు. ఇంట్లో ఆ తల్లి ఏమనుకుందో గాని, నాకైతే కోపమే వచ్చేది.

మన దేశపు జట్టూ ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటేడు హెల్సింకీలో, చాలామంది ఉత్తకాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఓడారు. ఆ పరాభవం దిగమింగి, 1956లో మెల్బోర్న్‌లో అదే జట్టు నాలుగో స్థానానికి చేరింది. ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదేనండీ!

ఇక 1962 జకార్తా. తైవాన్‌ని, ఇజ్రాయెల్‌ని రానివ్వలేదని మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారు. దాంతో ఊరు ఊరంతా మనవాళ్ళ మీద కత్తికట్టింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ ఆ కొరియాయే! జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ని గోల్ ముందు నిలబెట్టారు మాస్టారు. తలకి కుట్లు పడ్డ డిఫెండరు జర్నైల్ సింగ్‌ని ముందు వరసలోకి పంపారు. స్టేడియం అంతా ఎగతాళిగా అరుస్తుంటే, మనవాళ్ళని ఉత్సాహపరిచింది ఎవరనుకున్నారు? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు!

పి.కె. బెనర్జీ ఒక గోల్, కుట్ల తలతోనే జర్నైల్ మరొకటి. 2-1.

తొమ్మిది నెలలు తిరిగాయో లేదో, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో వెళ్ళిపోయారు. నిండా యాభై నాలుగేళ్ళు లేవు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకి మళ్ళీ దక్కలేదు.