పాలవెల్లికి కాగితం పండ్లు

అత్తమ్మ సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి వినాయక చవితి ఇది. కిందటేడు పండగ చేసుకోలేదు. రెండేళ్ల తర్వాత అటక మీది పాలవెల్లి దించితే సగం బద్దలు చెదలు తినేసి ఉన్నాయి. ఏడుపొచ్చింది. మామయ్య మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో, పలకల చుట్టూ బిగించే చట్రాలకు కోయగా మిగిలిన చెక్కలు తెచ్చి, అత్తమ్మ దగ్గరుండి చేయించుకున్న పాలవెల్లి అది. మన పలక మీద అక్షరాలు దిద్దిన వాళ్లు ఎన్ని జిల్లాల్లో ఉన్నారో! ప్లాస్టిక్ పలకలొచ్చాక ఆ వైభవం పోయింది.

"ప్లాస్టిక్ పండ్ల దండలు కొందాం జేజీ ఫొటోకి కూడా ఒకటి" అన్నాడు చిన్నోడు. నాకు మనసొప్పలేదు.

వెల్లి అంటే ప్రవాహం. పాలవెల్లిని కొందరు పాలసముద్రమంటారు, కొందరు ఆకాశంలోని పాలపుంత అంటారు. దేవుడి నెత్తిన ఆకాశాన్ని కట్టి, దానికి వెలక్కాయలు, మొక్కజొన్న పొత్తులు, సీతాఫలాలు వేలాడదీయడం మనవాళ్ల ఊహ. యూదుల పర్ణశాలల పండగలోనూ ఇలాంటిదే ఉంది. ఏడు రోజులు కొమ్మల కప్పు కింద గడుపుతారు, ఆకుల సందుల్లోంచి చుక్కలు కనబడాలి, కప్పుకు పండ్లు కడతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి, 1991లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. పంటల కాలంలో పండ్లను నెత్తిన కట్టుకోవాలని అందరికీ అనిపించిందేమో.

ఇక నిలిచే పండ్ల సంగతి. మన అవ్వలు పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, బుట్టలకూ చేటలకూ మెత్తేవారు గుర్తుందా? మెంతుల జిగురు పట్టు ఇస్తుంది, చేదుకు పురుగు దరి చేరదు. కొండపల్లి బొమ్మల వాళ్లు అతుకులకు వాడే మక్కు కూడా ఈ కుదురుదే, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపింది. పెద్ద ఖర్చు లేని విద్యలు ఇవన్నీ.

పిల్లల పాత నోటుపుస్తకాలు మూడు రోజులు నానేశాం. మొదటిసారి గుజ్జును ముద్దలుగా చేశాం. ముసురు రోజులు, లోపల ఆరక నాలుగో రోజుకు బూజు పట్టాయి. అన్నీ పారేశాం. రెండోసారి పొడి కాగితం ఉండ చుట్టి, దారం బిగించి, తీగ కొక్కెం గుచ్చి, పైన గుజ్జు పల్చగా పూశాం. ఒక పూత పూర్తిగా ఎండాకే ఇంకో పూత. సీతాఫలం కళ్లకు చింతగింజలు అద్దింది పెద్దది. నిమ్మకాయలకు పసుపు పూస్తే ఎండకు వెలిసిపోయింది, చివరికి గోడకు వేయగా మిగిలిన రంగే వేశాం.

"దేవుడికి కాగితం పండ్లేంటమ్మా" అంది పక్కింటి వదిన. నైవేద్యానికి నిజమైనవే పెట్టాను వదినా, మామిడాకులూ పచ్చివే, అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు గానీ, రెండు జామకాయలు చేసిపెట్టమని అడిగింది.

బాగున్న బద్దలకు కొత్తవి చేర్చి పాలవెల్లి కట్టించాను. పండ్లన్నీ ఎండు వేపాకుతో డబ్బాలో పెట్టాం. పెద్దది హాస్టల్‌కి వెళ్తూ వెలక్కాయ తీసుకుపోయింది. వచ్చే చవితికి దాన్ని వెంట తేకపోతే ఇంట్లోకి రానివ్వనన్నాను.