రెడ్డి శబ్దము – మన యింటిపేరులు

రెడ్డి యను శబ్దము మన పేరుల తుద నుండునది. ఇంటిపేరు మొదట నుండునది. ఈ రెండును వేఱని మన తాతలకు ఎవరును చెప్పవలసిన పని లేకుండెను. నేడు మేడ్చలు, శామీరుపేట ప్రాంతములందలి పిల్లల పాఠశాలా పత్రములను, పాసుపోర్టులను చూచినచో, ఇంటిపేరు వ్రాయవలసిన గడిలో తఱచుగా రెడ్డి యనియే కానవచ్చును. అసలు ఇంటిపేరు ఒక్క యక్షరముగా ముడుచుకొని ఒక మూల నుండును. కావున ఈ శబ్దమెట్లు పుట్టినది, దాని యర్థమేమి, ఇంత వ్యాప్తి దాని కెట్లు కలిగినది యను విషయమును ఈ మహాసభా సంచిక మూలమున సభ్యమహాశయులకు, పోషకులకు విన్నవింపదలచితిమి.

శబ్దము సంగతి ముందు చూతము. సంస్కృతమున రాష్ట్రమనగా దేశము, లేక దేశమందొక భాగము. ప్రాకృతమునకు వచ్చునప్పటికి అందలి సంయుక్తాక్షరము నలిగి "ట్ఠ" యగును. మహారాష్ట్రము మరహట్ఠ యైనదియు, సురాష్ట్రము సోరఠ యైనదియు ఈ మార్గముననే. తెలుగు కన్నడములందు ఆ వత్తు కూడ పోయి "రట్ట" యని నిలిచినది. వేంగి నేలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనములందు, రాజు భూదానము చేయునపుడు ఆ సీమయందలి రాష్ట్రకూటులు మొదలగు కుటుంబులను సంబోధించి తన యాజ్ఞను తెలుపుట పరిపాటి. ఈ రాష్ట్రకూటులు మాన్యఖేటము నేలిన రాజులు కారు. ఊళ్లలో సేద్యగాండ్రకు పెద్దలుగా నుండినవారు. తెలుగు శాసనములలో రట్టకుడి, రట్టగుడి, రట్టడి మొదలగు రూపములు కలవు. వీనినుండియే రడ్డి, రెడ్డి యను రూపములు వచ్చినవని చరిత్రకారులు పలువురు నిర్ణయించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు రెడ్డిరాజ్యముల చరిత్రమును ఆంగ్లమున వ్రాయగా 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించినది. ఆసక్తి గలవారు ఆ గ్రంథమును చూడవచ్చును.

అయితే రెండవ భాగము "కూట"మా, "కుడి"యా? కూటమనగా సంస్కృతమున శిఖరము. ఆ లెక్కను దేశమునకు తలవంటివాడని యర్థము. కుడి యనునది ద్రావిడ పదము. తమిళమున నేటికిని ఇల్లు, కాపురము, కాపు అను నర్థములందు వాడుకలో నున్నది. సంస్కృతము చదివినవారమై యుండియు మేము ఇచట దేశ్యపక్షమునే యవలంబింతుము. దీర్ఘము గల కూటము ప్రాకృతమున "కూడ" యగునే గాని, హ్రస్వమై ఇకారాంతమైన కుడి యగుటకు కారణము కానరాదు. నేలను దున్ను కాపు, ఆ కాపులకు పెద్ద: ఇదియే దీని యర్థము. కన్నడమున నేటికిని రడ్డి యనియే పలుకుదురు. తమిళుల "ఇరండు" మనకు "రెండు" అయినట్లే రడ్డి మనకు రెడ్డి యైనది. శబ్దమును సాగదీసి సూర్యచంద్రవంశములకు ముడిపెట్టు కులపురాణములు కొన్ని కలవు. వాని జోలికి మేము పోము. నాగలి పట్టినవాని పేరు మనకు చిన్నతనము కాదు.

కావున రెడ్డి యనునది మొదట ఒక యధికారమునకు పేరే గాని రక్తసంబంధమునకు పేరు కాదు. దీనికి సాక్ష్యములు కన్నులయెదుటనే యున్నవి. గోదావరి కొండలలో నివసించు కొండరెడ్లు గిరిజనులు; వారిని గూర్చి హైమెన్‌డార్ఫు పండితుడు వ్రాసిన గ్రంథము 1945లో వెలువడెను. తమిళదేశమున రెడ్డియార్లు కలరు. 1947 నుండి 1949 వఱకు మదరాసు ప్రధానమంత్రిగా నుండిన ఓమందూరు రామస్వామి రెడ్డియారు ఆ నామము గలవారే. మఱియు మన ముత్తవ్వల పేరులు తలచుకొనుడు. రామవ్వ, నర్సమ్మ, లక్ష్మమ్మ యనియే గాని ఏ యవ్వకును పేరు తుద రెడ్డి యని లేకుండెను. పదవి మగవానిది గనుక పదవీనామమును మగవానిదే. నేడు ఆడుబిడ్డలును రెడ్డి యని వ్రాసికొనుచున్నారు. శబ్దము పదవిని విడిచి వంశనామమైనదనుటకు ఇంతకన్న గుఱుతు వలదు. తెలంగాణపు పల్లెలలో ఆ పదవికి తరువాత పటేలను పేరు వచ్చినది. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయినది. పదవి పోయినను పేరు నిలిచినది.

ఇక ఇంటిపేరు కథ వేఱు. అది ఊరిని చెప్పును, చెట్టును చెప్పును, పూర్వుడొకనిని చెప్పును. రామప్ప దేవాలయమును 1213లో కట్టించిన రుద్రుడు రేచెర్లవాడు. అదే రేచెర్ల నామము రాచకొండ, దేవరకొండల నేలిన పద్మనాయకులకును కలదు, వారు వెలమలు. ఇంటిపేరు కులమునకు పర్యాయము కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? రంగనాథ రామాయణకర్త బుద్ధారెడ్డి గోనవారు. మర్రి యనునది చెట్టు. మేడ్చలు ప్రాంతమున ప్రసిద్ధమైన చామకూర యనునది కూరాకు. విజయవిలాసము రచించిన వేంకటకవి యింటిపేరును అదియే, ఆయన మాత్రము తంజావూరి రఘునాథనాయకుని యాస్థానమున నుండినవాడు. సింగిరెడ్డి వంటి యింటిపేరులలో పూర్వుని పేరు రెడ్డి శబ్దముతో గూడి ముందునకు వచ్చినది. అట్టి యింటివాని పేరులో రెడ్డి రెండుమాఱులు వచ్చుట పరులకు వింతగా తోచునే గాని, మొదటిది తాతయు రెండవది తానును.

రెడ్డి యనునది ఇంటిపేరుగా వ్యాపించుట సముద్రముమీద మొదలైనదని మా తలంపు. 1860 నవంబరు 16వ తేదీని ట్రూరో యను నోడ మదరాసునుండి కూలీలను గొనిపోయి దక్షిణాఫ్రికాలోని నెటాలు చేరెను. ఫిజీకి దక్షిణదేశపు కూలీలు 1903 నుండి పోయిరి. ఓడ పట్టికలలో మనిషి పేరు, తండ్రి పేరు, కులము వ్రాసిరే గాని ఇంటిపేరునకు గడి లేదు. కొన్ని తరములకు ఆ కులపు గడిలోని మాటయే వంశనామమైనది. నెటాలులో నాయుడు, పిళ్లె, రెడ్డి యను నామములు ఈ రీతిగనే స్థిరపడినవి. తరువాత మన విద్యావంతులు అమెరికాకు పోయినపుడును అదియే జరిగినది. గడి యొకటి యున్నది, దానిని నింపవలెను. పేరు తుద నున్న మాట అందు పడినది.

ఇచట ఒక చమత్కారము చెప్పవలెను. ఆస్ట్రేలియాలో 1941లో పుట్టి, స్త్రీల హక్కుల పాటకు 1972లో పేరొందిన హెలెన్ రెడ్డి యను గాయని కలదు, 2020లో మరణించెను. ఆమె మన యాడుపడుచు కాదు. ఐర్లాండు దేశమునను రెడ్డి యను వంశనామము కలదు. అది వారి గేలికు భాషలో పుట్టినది, ఆంగ్లలిపిలో మాత్రము మన నామమువలెనే యుండును. ఉభయులకును బంధుత్వమేమియు లేదు. ఐర్లాండువారి వంశనామములకు ముందు "ఓ" యని కాని "మాక్" అని కాని యుండును; మొదటిది మనుమడు, సంతతివాడు అను నర్థము గలది, రెండవది కుమారుడను నర్థము గలది. ఆ దేశమున మిక్కిలి వ్యాప్తి గల మర్ఫీ యనునది మూర్ఖద్ అను పూర్వుని సంతతి యని చెప్పును. దాని యర్థము సముద్రవీరుడు. ఆంగ్లేయుల యేలుబడిలో వారు ఆ "ఓ"ను, "మాక్"ను విడిచిరి. పందొమ్మిదవ శతాబ్ది తుదినుండి, తమ భాషపై మక్కువ మరల చిగిర్చినపుడు, పలువురు వానిని తిరిగి చేర్చుకొనిరి.

మన ప్రాంతమున జరిగినది చూడుడు. కొండా వెంకట రంగారెడ్డిగారు (1890–1970) ఆంధ్రప్రదేశమునకు ఉపముఖ్యమంత్రిగా పనిచేసిన పెద్దలు. 1978లో ఏర్పడిన జిల్లాకు వారి పేరు పెట్టిరి; మేడ్చలు, శామీరుపేటలు అందులోనివే. కొండా యను నింటిపేరు మొదట "కె" యైనది. పిదప "కె.వి." యను రెండక్షరములును రాలి రంగారెడ్డి జిల్లా మాత్రము మిగిలినది. 2016 అక్టోబరు 11వ తేదీన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా వేఱుపడువఱకు మనము ముప్పదియెనిమిదేండ్లు ఆ పేరు వ్రాసికొంటిమి. అందు కొండావారెవరని బడిపిల్లల నడిగిన చెప్పువా రరుదు.

ఇది వట్టి వ్యాకరణ చర్చ కాదు. మేము బడిపంతులుగా నుండగా ఒకే తరగతిలో ముగ్గురు నర్సింహారెడ్లుండిరి. ఇంటిపేరు పిలిచియే హాజరు వేయవలసి వచ్చెను. భూమి పత్రములలో ఇంటిపేరు అక్షరమాత్రమైనచో, తండ్రి పేరు కూడ ఒకటే యైనవా రిద్దఱు ఒకే యూర నుండిన, ఎవరి పొలము ఎవరిదో తేల్చుట యెట్లు? బాహ్యవలయ రహదారి వచ్చిన పిమ్మట మన పక్కల గజము నేల కొఱకు తగవులాడు దినములివి. వివాహ విషయము ఇంకను ముఖ్యము. సంబంధము వచ్చినపుడు మన పెద్దలు మొదట అడుగునది ఇంటిపేరే. అదియే యైన పాలివారని, పిల్లలు అన్నాచెల్లెండ్రని విడుతురు. అందఱమును రెడ్డి యనునదే ఇంటిపేరని వ్రాసికొన్నచో, ఆ కాగితములను నమ్ము పరదేశపు గుమాస్తాకు మన వధూవరులందఱును తోబుట్టువులే!

సంఘమువారికి మా మనవి యొకటి. శామీరుపేట, తూముకుంట, అలియాబాదు, కండ్లకోయ, గుండ్లపోచంపల్లి మొదలగు గ్రామములందు ఒక్కొక్క యింటివారిని అడిగి, ఇంటిపేరు, గోత్రము, ఏ యూరినుండి వచ్చిరి యను మూడు సంగతులను వ్రాయించి, రాబోవు మహాసభనాటికి పట్టికగా ప్రకటింపవలెను. ముందు ఎనుబదేండ్లు దాటిన యవ్వల యొద్దకు పోవలెను. పుట్టినింటివియు మెట్టినింటివియు రెండు వైపుల పేరులును వారికే తెలియును.