సత్రం నుంచి లాడ్జి దాకా: పట్నంలో మన బస

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. సర్వీసు అనుభవాలు రాద్దామా అంటే, అవి ఇప్పటికే మన పత్రికలో చాలామంది రాశారు. ఈలోగా నాకు ఒక పని పడింది. వచ్చే నెలలో కంటి ఆపరేషనుకు హైదరాబాదు వెళ్ళాలి. ఆపరేషనయిన మర్నాడు ఒకసారి, వారం తిరిగాక ఒకసారి చూపించుకోవాలన్నారు. అంటే ఎనిమిది రోజులు బస. అక్కడ చుట్టాలు లేకపోలేదు. కాని రెండు గదుల అపార్టుమెంటులో, పిల్లల పరీక్షల రోజుల్లో, కంటికి కట్టు కట్టుకుని వారం రోజులు ఒకరింట్లో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. పెన్షనుకు తగిన లాడ్జి ఏదైనా చూసుకుందామని కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అలా లెక్క వేస్తూ వేస్తూ, అసలు మనవాళ్ళు పరాయి ఊళ్ళో రాత్రిళ్ళు ఎక్కడ తలదాచుకునేవారో అన్న ఆలోచనలోకి వెళ్ళిపోయాను. ఆ నాలుగు ముక్కలే ఇవి.

మాటల్లోనే సగం చరిత్ర ఉంది. సత్రం అన్నది సంస్కృతంలో యజ్ఞానికి పేరు. యజ్ఞం జరిగే చోట వచ్చినవారందరికీ అన్నం పెట్టడం ఆచారం కనుక, అన్నం పెట్టి నీడ ఇచ్చే ఇంటికి ఆ పేరు స్థిరపడింది. ఇంగ్లీషువాళ్ళు మద్రాసు వైపు సత్రాలను ‘చౌల్ట్రీ’ అనేవారు. అది మన ‘చావడి’ వాళ్ళ నోట్లో పడి మారిన రూపమే. మనం దాన్ని మళ్ళీ వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకుని ‘చౌల్ట్రీలో దిగాం’ అనడం మొదలుపెట్టాం.

సత్రంలో డబ్బు ప్రసక్తి లేదు. అయితే డబ్బిచ్చి తినే ఏర్పాటు కొత్తదేమీ కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో కాకతీయుల ఓరుగల్లు కనిపిస్తుంది. అక్కడి పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం వర్ణన చదివితే ఈనాటికీ నోరూరుతుంది. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరగనివారు మనలో లేరు. కాబట్టి బాటసారికి మొదటినుంచీ రెండు దారులున్నాయి. ఒకటి ధర్మం, రెండోది ధర.

హైదరాబాదు మాటకు వస్తే, అది పుట్టడమే వర్తకుల దారి మీద పుట్టింది. కార్వాన్ అన్న పేటపేరే అందుకు సాక్షి. గోలకొండ దగ్గర షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి రెండంతస్తుల సరాయి ఉంది. మనుషులకు గదులు, గుర్రాలకు, ఒంటెలకు శాలలు. విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ కూడా హయత్ బక్షీ బేగం కట్టించిన మసీదు, దాని చుట్టూ ఉన్న సరాయి గదులతో ఏర్పడిన ఊరే. మనం బస్సులో ఎన్నోసార్లు ఆ ఊరు దాటి వెళ్ళాం గాని, అది ఒకప్పుడు బాటసారుల మజిలీ అని తలచుకున్నవారు తక్కువ.

ప్రయాణానికి ముందు లెక్క వేసుకోవడం ఎలాగో నేర్పినవాడు నా దృష్టిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయనా మనలాంటి ఉద్యోగస్థుడే. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. సెలవు తీసుకుని 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కడప, కర్నూలు సీమలు, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా చూసుకుని, మన కోస్తా దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలో ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఊరికీ ఊరికీ ఎన్ని ఆమడలు అన్నవి శ్రద్ధగా రాసిపెట్టారు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు 1838లో దాన్ని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. తన తరువాత వెళ్ళేవాడికి ఉపయోగపడాలన్న బుద్ధి ఆ పుస్తకం నిండా ఉంది. మన పత్రికలో ప్రయాణం గురించి రాసేవారికి అంతకన్న మంచి నమూనా లేదు.

తరువాత రైలు వచ్చింది. మద్రాసు సెంట్రల్ స్టేషను 1873లోను, సికింద్రాబాదుకు రైలు 1874లోను వచ్చాయి. అంతదాకా బాటసారి ఊరి చివర చెట్టు నీడన వంట చేసుకునేవాడు. ఇప్పుడు వందలమంది ఒక్కసారిగా స్టేషనులో దిగి ‘ఎక్కడికి పోవాలి’ అని చూడసాగారు. దాతలు స్టేషన్ల దగ్గరే సత్రాలు కట్టించడం అప్పుడే పెరిగింది. మద్రాసు సెంట్రల్ ఎదుటి రామస్వామి మొదలియారు సత్రం పేరు మా నాన్నగారి తరం వాళ్ళందరికీ తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా సర్కారు జిల్లాలవాళ్ళకు పట్నమంటే చెన్నపట్నమే గదా! హైదరాబాదులో నాంపల్లి స్టేషను 1907లో వచ్చింది. దాని ఎదుట ఏడవ నిజాం కాలంలో, 1919లో, రైలు దిగినవారి కోసం పెద్ద సరాయి కట్టించారు. తరువాతి కాలంలో అది శిథిలమైంది.

ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. 1867లోనే సరాయిల చట్టం (ఆ ఏటి 22వ చట్టం) చేసింది. సరాయి శుభ్రంగా ఉంచాలి, గోడలూ తలుపులూ బాగుచేయించాలి, కాపలావాళ్ళను పెట్టాలి, అద్దె వివరాలు అందరికీ కనపడేలా పట్టిక కట్టాలి అని అందులో ఉంది. ఈనాడు లాడ్జి కౌంటరు వెనక వేలాడే రేట్ల బోర్డు తాత అదేనన్న మాట.

ఇంతవరకు రాసింది పుస్తకాల చరిత్ర. ఇక నేను చూసింది రాయాలి. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

1975లో నేను జూనియర్ అసిస్టెంటును. మా జిల్లా ఆఫీసు ఖర్చు లెక్కలు ఏజీ ఆఫీసు పుస్తకాలతో సరిచూసుకు రమ్మని నన్నూ, మా సీనియర్ అసిస్టెంటునూ హైదరాబాదు పంపారు. ఆయన నాకన్న నాలుగేళ్ళు పెద్ద. రికన్సిలియేషన్ అంటే ఏమిటో నాకు అక్షరాలు దిద్దించినట్టు నేర్పినవాడు ఆయనే. ‘గురువుగారూ’ అనే పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అలాగే పిలుస్తాను. రైలు ఆలస్యమై రాత్రి ఎనిమిది దాటాక నాంపల్లిలో దిగాం. మాకొచ్చే డి.ఎ. లాడ్జి అద్దెకే చాలదు. రిక్షా దూరంలో మా వాళ్ళ సత్రం ఒకటుందని మా మామయ్య చెప్పి పంపాడు. ఇద్దరం అక్కడికే వెళ్ళాం.

గుమాస్తా పుస్తకం తెరిచి, నా పేరూ ఊరూ రాసుకుని, తల ఎత్తకుండా “మీరేవిట్లు?” అని అడిగాడు. చెప్పాను. తరువాత గురువుగారిని అదే ప్రశ్న అడిగాడు. ఆయన దాచలేదు. గుమాస్తా కలం కిందపెట్టి, “మీకు ఇక్కడ కుదరదండీ” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రైలు వెళ్ళిపోయింది అన్నట్టు అన్నాడు.

గురువుగారు నావైపు తిరిగి, “నువ్వు పడుకోవయ్యా, పొద్దున్నే ఏజీ ఆఫీసు గేటు దగ్గర కలుద్దాం” అని ఫైళ్ళ సంచీ పుచ్చుకుని మెట్లు దిగిపోయారు.

నేను ఆయన వెంట వెళ్ళలేదు. సత్రంలోనే పడుకున్నాను. ఉచితంగా చాప ఇచ్చారు.

మర్నాడు ఆయన నాకన్న ముందే గేటు దగ్గర ఉన్నారు. గడ్డం గీసుకుని, చలవచొక్కా వేసుకుని. స్టేషను దగ్గర ఒక చిన్న లాడ్జిలో దిగారట. డి.ఎ. పోగా చేతి డబ్బు పెట్టుకున్నారు. “లాడ్జి గుమాస్తా నా కులం అడగలేదయ్యా, అడ్వాన్సు అడిగాడు” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఈనాటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అప్పటికి రాజ్యాంగం వచ్చి పాతికేళ్ళు. కులం పేరు చెప్పి హోటళ్ళలోకి రానీయకపోవడాన్ని 15వ అధికరణం అప్పటికే నిషేధించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేరుపేరునా చెప్పింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. మా ఇద్దరికీ ఇవన్నీ తెలుసు. ఆఫీసు బీరువాలో ఆ పుస్తకాలున్నాయి. ఆ రాత్రి ఆ మాట నోరు తెరిచి అనవలసినవాణ్ణి నేను. అనలేదు.

అందుకే పాత సత్రాలను తలచుకుని “ఆ రోజులే వేరు, ధర్మం నాలుగు పాదాల నడిచింది” అని ఎవరైనా అంటే నేను సగమే తలాడిస్తాను. ఎందరో పుణ్యాత్ములు ఆస్తులు రాసిచ్చి లక్షలమందికి అన్నం పెట్టారు, నీడ ఇచ్చారు. అది అబద్ధం కాదు. అయితే ఆ నీడ అందరి మీదా పడలేదు. డబ్బు పుచ్చుకుని తాళంచెవి ఇచ్చే చవకరకం లాడ్జిని మనం చిన్నచూపు చూస్తాం. కాని అడ్వాన్సు తప్ప మరేమీ అడగని ఆ కౌంటరు కొందరికి మొదటిసారిగా తెరుచుకున్న తలుపు. లాడ్జిలన్నీ అలాగే ఉన్నాయని అనను. పేరు చూసో, మతం చూసో గది లేదనేవాళ్ళు ఉన్నారని వింటూనే ఉన్నాం. అయినా దారి అటు మళ్ళింది.

ఇప్పుడు మన వయసువాళ్ళకు వేరే రకం గుమ్మాలు అడ్డొస్తున్నాయి. అందుకని ఈసారి బస కోసం నేను వేసుకున్న పట్టిక సభ్యులకు ఉపయోగపడుతుందని ఇస్తున్నాను.

1. ముందు ఆసుపత్రి, తరువాత అద్దె. దూరాన రెండు వందలు తక్కువకు దొరికిన గది, రోజూ ఆటో ఖర్చుతో కలిపితే ఎక్కువే పడుతుంది.

2. ఫోనులో అడగవలసినవి: లిఫ్టు ఉందా, రోడ్డు నుంచి లిఫ్టు దాకా మెట్లు ఎన్ని, కుర్చీ కమోడు ఉందా, వేడినీళ్ళు రోజంతానా లేక పొద్దున్నేనా. “అన్నీ ఉన్నాయి సార్” అన్న జవాబును నమ్మి ఊరుకోకుండా ఒక్కొక్కటీ విడిగా అడగాలి.

3. రోజు లెక్క ఎలాగో తేల్చుకోవాలి. కొన్నిచోట్ల దిగిన గంట నుంచి ఇరవైనాలుగు గంటలు, కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు. తెల్లవారుజామున రైలు దిగేవాడు రెండో రకంలో చేరితే ఆరేడు గంటలకు ఒక రోజు అద్దె కట్టవలసి రావచ్చు.

4. ఒక్క పూటకైతే రైల్వే రిటైరింగు గదులు చూడండి. ఖరారైన టికెట్టు పి.ఎన్.ఆర్. నంబరుతో ఇంటినుంచే బుక్ చేసుకోవచ్చు. చేతకాకపోతే మనవడి చేత చేయించండి, సిగ్గులేదు.

5. పన్ను: 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు మినహాయింపు ఉండేది. 2022 జూలై 18 నుంచి అది తీసేసి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు గదులకు 5 శాతం చేశారు. బిల్లులో ఆ అంకె చూసుకోండి. లెక్కలు చూడటం మనకు కొత్త కాదు.

6. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ‘మాస్క్‌డ్’ ఆధార్ ఉంది. అది ఒప్పుకుంటారేమో అడగండి. అసలు కార్డు చూపించి వెనక్కు తీసుకోవడం మరవకండి.

ఈ పట్టికలో ఏడవది ఒకటి ఉంది. ఒంటరిగా వెళ్ళకూడదు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చేయలేదు. కిందటి వారం గురువుగారికి ఫోను చేశాను. ఎనభై రెండేళ్ళు, అయినా గొంతు ఖంగుమంటుంది. ఆపరేషను సంగతి చెప్పగానే, “నేనొస్తాలే, చుక్కల మందు గంటగంటకూ ఎవరు వేస్తారు నీకు?” అన్నారు. యాభై ఏళ్ళుగా అనలేని మాట అప్పుడు అన్నాను. “గురువుగారూ, ఆ రోజు రాత్రి నేను మీతో వచ్చి ఉండవలసింది” అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత, “నాకు ఆ రాత్రి బాగానే నిద్ర పట్టిందయ్యా. నీకే పట్టినట్టు లేదు” అన్నారు. ఆ వెంటనే, “గది చూస్తున్నావుగా, మంచాలు విడివిడిగా ఉండాలి, నేను గురక పెడతాను” అన్నారు.

ఆసుపత్రికి దగ్గరలో, లిఫ్టు ఉన్న లాడ్జిలో, రెండు మంచాల గది ఎనిమిది రోజులకు మాట్లాడాను. పేర్లు చెప్పమంటే ఇద్దరివీ చెప్పాను. ముందు ఆయనది, తరువాత నాది.

శలవు.